నాలుగో జ్వరం

మా ఇంట్లో మనిషికి జ్వరమొస్తే ఒక మాత్ర, ఒక గ్లాసు గంజి, అంతటితో సరి. పురుగుకు జ్వరమొస్తే మాత్రం ఇల్లంతా గొంతు తగ్గించుకుని మాట్లాడాలి. పెళ్లయి ఈ ఇంటికొచ్చిన కొత్తలో మా అత్త నోటిమీద వేలు పెట్టుకుని, "మెల్లగా నడువు పాపా, పురుగు రెండో జ్వరంలో ఉండాది" అంటే నాకు నవ్వాగలేదు. మా పుట్టింటిది ధర్మవరం, ఇంట్లో మగ్గం. పట్టు అంటే మాకు దారం. ఆ దారం వెనకాల ఒక ప్రాణి ఉంటుందని తెలుసు గానీ, దానికి జ్వరాలొస్తాయని ఎవరూ చెప్పలేదు.

పట్టుపురుగు తోలు మార్చుకునే సమయాన్ని ఇక్కడ జ్వరం అంటారు. జ్వరానికి కూర్చుంది అంటారు. ఆకు తినడం మానేసి, తల కొంచెం పైకెత్తి, చచ్చిందా బతికిందా అన్నట్టు కదలకుండా ఉంటుంది. అప్పుడు దాన్ని తాకకూడదు. ఆకు వేయకూడదు. పడక తడి లేకుండా పైన సున్నపు పొడి చల్లి, దాని మానాన దాన్ని వదిలేయాలి. ఒక రోజు గడిస్తే పాత తోలు విడిచి, ముందుకంటే పెద్దదై లేస్తుంది. అట్లా నాలుగు జ్వరాలు. నాలుగో జ్వరం లేచాక ఆకలి దయ్యం పట్టినట్టు తిని, గూడు కట్టుకుంటుంది. ఆ గూళ్లను హిందూపురం మార్కెట్టుకు వేసుకుపోతాం. తర్వాత వాటిని మరిగే నీళ్లలో వేస్తారు. అది మా చేతులమీద జరగదు కాబట్టి మేం దాని గురించి మాట్లాడుకోం.

మా ఇల్లు పెనుకొండ దాటి హిందూపురం పోయే దారిలో, రోడ్డుకు కొంచెం లోపల. ఇల్లంటే ఒకటే పొడవాటి గది. ఈ కొస నుంచి ఆ కొసకు ఇనుప స్టాండ్లు, వాటినిండా వెదురు తట్టలు, తట్టలనిండా పురుగులు. మేం బయట రేకుల పంచలో వండుకుని అరుగుమీద పడుకునేవాళ్లం. ఇంట్లో తిరగమాత వేయకూడదు, పౌడరు పూసుకోకూడదు, అగరొత్తి వెలిగించకూడదు. వాటికి వాసన పడదు. నా కూతురు పుట్టినప్పుడు సాంబ్రాణి పొగ వేయడానికి కూడా పక్కింటి పంచలోకి పోయాను. "ఇల్లు పురుగులది మామా, మనం బాడుగకు ఉండాం" అని నేను దెప్పితే మా ఆయన నవ్వేవాడు. దెప్పినందుకు కాదు, ఉన్నమాటే కదా అన్నట్టు నవ్వేవాడు.

ఆ పని ఆయనకు వచ్చినట్టు చుట్టుపక్కల ఎవరికీ రాదని నేనే ఒప్పుకుంటాను, మొగుణ్ణి పొగడడం నాకు అలవాటు లేకపోయినా. గది గడపలో నిలబడి గాలి పీల్చి, ఏ తట్ట రేపు జ్వరానికి కూర్చుంటుందో చెప్పేవాడు. చివరి జ్వరం లేచాక పురుగులు ఆకు కొరుకుతుంటే గదిలో చప్పుడుగా ఉంటుంది. కొత్త చుట్టాలైతే వాన పడుతుందనుకుని బయటికొచ్చి ఆకాశం చూసేవాళ్లు. మా సీమలో వానకంటే ఆ చప్పుడే ఎక్కువసార్లు విన్నాం. ఆ చప్పుడు లేకపోతే ఆయనకు నిద్ర పట్టేది కాదు.

ప్రతి పంటకూ ముందు, పురుగుకు రోగం రాకుండా గదంతా మందు కొట్టాలి. ముక్కు మండిపోయే మందు. ఏళ్లతరబడి మూతికి తువ్వాలు చుట్టుకుని ఆయనే కొట్టాడు, నన్ను లోపలికి రానిచ్చేవాడు కాదు. చివరికి దగ్గు పట్టుకుంది. మెట్టెక్కితే ఆయాసం, బిందె ఎత్తితే ఆయాసం. హిందూపురంలో డాక్టరు ఎక్సరే చూసి, "ఆ మందన్నా మానుకోవాల, ఊపిరన్నా మానుకోవాల. ఏదో ఒకటి నువ్వే చెప్పప్పా" అన్నాడు. ఆ పంటకే పాలరోగం కూడా వచ్చింది. పురుగు ఉబ్బి, తోలు చిట్లి, పాలలాంటి నీళ్లు కారి చచ్చే రోగం. తట్టలన్నీ ఆయనే మోసుకుపోయి చేను గట్టున గుంత తీసి పూడ్చిపెట్టాడు. సాయం వస్తానంటే వద్దన్నాడు. తిరిగొచ్చి కాళ్లు కడుక్కుని అరుగుమీద కూర్చున్నాడు. ఆ కూర్చోవడం కూర్చోవడమే.

నాకు దగ్గు గురించి అంత భయం వేయలేదు. దగ్గుకు మందుంది, మాత్రలున్నాయి. తెల్లారితే లేచి చూసుకోవడానికి ఒక ప్రాణి లేకపోతే ఈ మనిషి బతకడని భయం వేసింది. గడ్డం పెరిగింది. అన్నం పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. మల్బరీ తోట మాత్రం ఇంకా పచ్చగా ఉంది. పొద్దున్నే పోయి అలవాటు కొద్దీ మోపెడు ఆకు కోసుకొచ్చి పంచలో పడేసేవాడు. మధ్యాహ్నానికి అది వాడిపోయేది. దాన్ని ఊడ్చి పారేయడం నా పని. అంత చేదు పని నేనెప్పుడూ చేయలేదు.

ఖాళీ గదిని చూస్తూ కూర్చుంటే ఇద్దరికీ పిచ్చి పడుతుందని నేనే మేస్త్రీని పిలిపించాను. గుడిబండలో కాపురమున్న మా కూతురు కూడా ఫోనులో, "ఇప్పుడన్నా మనుషులుండేటట్ల ఇల్లు చెయ్యమ్మా" అంది. స్టాండ్లు బయటికొచ్చాయి. గదికి అడ్డంగా గోడ లేచింది, ఒకవైపు పడక, ఒకవైపు వంట. కిటికీలకు ఉన్న వలలు ఊడదీసి, రోడ్డువైపు గోడ పగలగొట్టి పెద్ద కిటికీ పెట్టించాను. పాత సున్నం గీకుతుంటే గోడలోంచి ఆ మందు వాసన వచ్చింది. మేస్త్రీ తుమ్ములతో సగం రోజు పని మానేశాడు. మా ఆయన మాత్రం ఆ వాసనకు లేచొచ్చి గడపలో కాసేపు నిలబడ్డాడు. పోయినవాళ్ల చీరె పెట్టెలోంచి తీసినప్పుడు నిలబడతామే, అట్లా.

కొత్త వంటింట్లో మొదటి రోజు చారు పెట్టి, జన్మలో మొదటిసారి ఆ కప్పు కింద తిరగమాత వేశాను. ఆవాలు చిటపటమన్నాయి, ఎండుమిరపకాయ ఘాటు లేచింది. ఇన్నేళ్లు బయట ఎండలో, గాలిలో పొయ్యి ఊదుకున్నదాన్ని, నాకెంత సంబరంగా ఉండాలి? ఆయన పడకగదిలోంచి ఉరుకొచ్చి, "మే, తలుపెయ్యి, తలుపెయ్యి, పురుగు..." అని ఆగిపోయాడు. ఆ చారు ఇద్దరం తాగాం గానీ, ఏం తాగామో తెలియలేదు.

ధర్మవరంలో మా చెల్లెలు వాళ్లు మిద్దెమీద కుందేళ్లు పెంచుతారు. ఒక పెళ్లికని పోయినప్పుడు ఆయన్ని బలవంతంగా వెంటబెట్టుకుపోయాను. మిద్దెమీద కాసేపు కూర్చుంటాడని పైకి పంపాను. ఎంతకూ దిగకపోతే నేనే ఎక్కి చూశాను. వీధిలో మల్బరీ చెట్టు ఉంటే దాని కొమ్మ విరుచుకొచ్చినట్టున్నాడు. ఒక తెల్ల కుందేలు ముందు గొంతుక్కూర్చుని ఆకు అందిస్తున్నాడు. అది కొరుకుతుంటే చెవి దాని మూతి దగ్గరికి ఆనించి వింటున్నాడు. నన్ను చూసి, "ఇవి గూడా మన ఆకే తింటాయి మే" అన్నాడు. ఆయన గొంతులో ప్రాణం వినిపించి చాలా రోజులైంది. నాకు ఏడుపొచ్చింది. కనపడనియ్యకుండా, "చెవులపిల్లుల్ని ఇంటికి తీసుకుపోతే అవ్వలు నవ్వుతారు" అన్నాను. మా వైపు ముసలివాళ్లు కుందేల్ని చెవులపిల్లి అంటారు. పొదల్లో ఉండేదాన్ని ఇంట్లో పెంచేదేమిటని వాళ్ల నవ్వు. మా చెల్లెలు మాత్రం, "తీసుకుపో బావా, మాకు ఎక్కువైనాయి" అని రెండు ఆడవాటినీ ఒక మొగదాన్నీ పండ్ల బుట్టలో పెట్టిచ్చింది. రైల్లో దారిపొడుగునా బుట్ట ఆయన ఒళ్లోనే ఉంది.

మర్నాడు గడ్డం గీసుకున్నాడు. నేను అద్దం పక్కకు పోయి చూసొచ్చాను, నిజమేనా అని. హిందూపురం పోయి ఇనుప జాలీ తెచ్చాడు. పాత స్టాండ్లనే కోసి, కాళ్లు పెట్టి, జాలీతో గూళ్లు కట్టించాడు. పెంట కిందికి రాలిపోయేలా అడుగున కూడా జాలీనే. అంతవరకు బాగానే ఉంది. ఆ గూళ్లకు ఇల్లు కట్టడం దగ్గర మొదలైంది. వెనక దొడ్లో మూడువైపులా గోడ, పైన రేకు, ముందు సన్నటి వల, వల మీద గోనెపట్టల పరదా. గోడకు రేకుకు మధ్య సందుంటే చింకిగుడ్డలు కుక్కాడు. గడపలో చిన్న గుంత చేసి సున్నం పోశాడు, కాలు అందులో పెట్టి లోపలికి పోవాలి. అది పురుగుల గదే, కొంచెం చిన్నదిగా మళ్లీ లేచింది.

మేస్త్రీ తాపీ పక్కన పెట్టి, "ఏమప్పా, గాలి యాడ్నించి వస్తాది?" అన్నాడు.

"గాలొస్తే ఈగొస్తాది" అన్నాడు మా ఆయన.

ఆయన భయపడే ఈగ పట్టుపురుగు మీద గుడ్డు పెట్టి చంపే ఈగ. కుందేలు జోలికి అది రాదు. మేస్త్రీకి ఆ సంగతి తెలియదు, తెలిసినా అడ్డం చెప్పే మనిషి కాదు. అటూ ఇటూ చూసి, "నీ ఇష్టమప్పా" అని సిమెంటు కలుపుకున్నాడు. పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం మా ఆయన. ఆ సామెత చెప్పి నేను కూడా నవ్వాను. ఆయన ఎవరితోనైనా వాదించి ఎంత కాలమైందో తలుచుకుంటే, ఆ వాదన నాకు ముద్దుగానే అనిపించింది.

ఆ చలికాలం మా ఇంట్లో పండగలాగే గడిచింది. పొద్దున ఆకు, మధ్యాహ్నం కాయలు ఒలిచేసిన వేరుశనగ కట్టె, సాయంత్రం మళ్లీ ఆకు. కూతురు ఫోనులో కుందేళ్ల వీడియోలు పంపితే ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చూసేవాడు. ఆ వీడియోల్లో వాళ్లు కూడా తలుపులన్నీ మూసిపెట్టి ఉంటే, "చూసినావా, నేను కట్టిందీ అట్లనే ఉండాది" అని నాకు చూపించేవాడు. వాళ్ల ఊరినిండా మంచు. అది మా ఇద్దరి కళ్లకూ ఆనలేదు. ఒక ఆడకుందేలు తన పొట్టమీది బొచ్చు పీక్కుని పెట్టెలో పరుచుకుంటుంటే నన్ను చెయ్యి పట్టుకుని లాక్కుపోయి చూపించాడు. "గూడు కడతాంది మే." మాకు ఆ మాటకు ఒకటే అర్థం ఉండేది అంతవరకు. బొచ్చులో వేలెడంత పిల్లలు, కళ్లు కూడా తెరవలేదు. ఆయన ఆ పెట్టె మీద వంగి ఊపిరి బిగబట్టుకుని చూశాడు. ఆ వంగడంలో ఆయాసం కూడా రాలేదనిపించింది నాకు.

తర్వాత రోళ్లు పగిలే ఎండలొచ్చాయి. రెండో ఈత పిల్లలు అప్పుడే బొచ్చులో ఉన్నాయి. రేకు కింద చెయ్యి పెడితే పొయ్యి దగ్గర పెట్టినట్టుంది. ఒకరోజు పొద్దున పోయి చూస్తే వేసిన ఆకు వేసినట్టే ఉంది. కుందేళ్లు పొట్ట జాలీకి ఆనించి సాగిలపడి ఉన్నాయి. తల మాత్రం కొంచెం పైకెత్తి ఉన్నాయి. పక్కలు గబగబా ఎగిసిపడుతున్నాయి. నేను కేకేశాను. ఆయన వచ్చాడు, గడపలో ఆగి గాలి పీల్చాడు, ఒక్కొక్క గూడూ వంగి చూశాడు. ఆయన ముఖంలో గాబరా లేదు. ఏళ్లతరబడి పురుగుల గదిలో చూసిన ఆ నిమ్మళమే ఉంది.

"జ్వరానికి కూర్చున్నాయి" అన్నాడు.

"వీటికి గూడా జ్వరముంటాదా మామా?"

"ప్రాణముండే దానికంతా ఉంటాది. తాకొద్దు. లేస్తాయి."

మిగిలిన ఆకంతా తీసేయించాడు. నీళ్ల గిన్నెలు కూడా తీసేశాడు, పడక తడవకూడదని. గూళ్ల కింద, గూళ్ల చుట్టూ సున్నపు పొడి చల్లాడు. పరదా దించి, "అలికిడి చెయ్యాకు" అని నాతో చెప్పి తానే బయట కాపలా కూర్చున్నాడు. నేను నమ్మానా అంటే, నమ్మాను. ఆ మనిషి జ్వరమంటే జ్వరమే అయ్యేది, లేస్తాయంటే లేచేవి, నా కాపురమంతా. ఆయన మాట ఎప్పుడూ తప్పిపోని విద్య అదొక్కటే.

పొద్దు వాలేటప్పుడు పరదా ఎత్తాడు. పెద్దవి అప్పటికే బిగుసుకుపోయి ఉన్నాయి. తల్లి పాలు అందక, వేడికి తాళలేక పెట్టెలో పిల్లలు కూడా పోయాయి. ఆయన ఒకదాని చెవి పట్టుకుని చూశాడు, వదిలాడు, మళ్లీ పట్టుకున్నాడు. "ఇంగా లేవలేదు" అన్నాడు.

మర్నాడు పక్కింటి బర్రెకు సూది వేయడానికొచ్చిన పశువుల డాక్టరు మా దొడ్లోకి తొంగి చూశాడు. మంచి మనిషే, గద్దించలేదు. "వీటికి ఎండ పడదప్పా. పరదాలెత్తి, తడిపిన గోనెలు కప్పి, నీళ్లు తాపించి, మేత తినేటట్ల చెయ్యాల. కుందేలు తినేది మానిందంటే ఇంగ ఊరికే ఇడ్సిపెట్టకూడదు" అన్నాడు. ఇడ్సిపెట్టకూడదు అన్న మాట దగ్గర మా ఆయన తలెత్తాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? సున్నం డబ్బా గోడవారగా పెట్టి, ఇంట్లోకి పోయి పడుకున్నాడు.

పడుకున్నాడంటే, లేవలేదు. కొత్త గోడ వైపు తిరిగి, నేను ముచ్చటపడి పెట్టించుకున్న కిటికీకి వీపు పెట్టి పడుకున్నాడు. సరిగ్గా పెద్ద స్టాండు ఉండే చోటే మంచం వేశాం. కంచం పెడితే కంచం అట్లాగే ఉండేది. ఒళ్లు కాలడం లేదు, నొప్పి అనడం లేదు. ఎవరైనా వచ్చి అడిగితే నేను, "జ్వరంలే" అనేదాన్ని. వాళ్లు బ్రెడ్డు, మాత్రలు తెచ్చిచ్చి పోయేవాళ్లు. మా ఇంట్లో జ్వరమంటే ఏమిటో వాళ్లకేం తెలుసు? నేను గొంతు తగ్గించి మాట్లాడాను. చప్పుడు కాకుండా నడిచాను. కంచం చప్పుడు చేయకుండా తీసేశాను. ఇంట్లో తిరగమాత మానేశాను, మళ్లీ బయటి పంచలోనే వండాను. తాకకుండా వదిలేస్తే లేస్తాడనుకున్నాను. ప్రేమ ఉన్నచోట అట్లా వదిలేయడమే నాకు ఆ ఇల్లు నేర్పింది.

ఒక మధ్యాహ్నం గోనెపట్టలన్నా దేనికో ఒకదానికి పనికొస్తాయని దొడ్లో కుందేళ్ల ఇల్లు విప్పుతున్నాను. పరదా లాగేసరికి వెలుతురు లోపలికి పడింది. సున్నం చల్లినది చల్లినట్టే ఉంది, తెల్లగా, నున్నగా. ఒక మూల ఆయన తీయించిన ఆకు కుప్ప ఎండి నల్లబడి ఉంది. పక్కనే నీళ్ల గిన్నెలు బోర్లించి ఉన్నాయి. ఎంత శుభ్రంగా, ఎంత శ్రద్ధగా చంపుకున్నాం వాటిని! నాకు ఒక్కసారిగా ఇంట్లో నేను చేస్తున్నదేమిటో అర్థమైంది.

గోనె అక్కడే పడేసి లోపలికి పోయి కిటికీ రెక్కలు బార్లా తెరిచాను. మంచం పట్టె మీద కూర్చుని ఆయన భుజం పట్టుకున్నాను.

"తాకాకు మే. లేస్తాలే" అన్నాడు గోడకే.

"ఎన్నో జ్వరమిది?" అన్నాను. ఎగతాళిగానే అన్నాను, నా నోరు అంతే.

"నాలుగోది" అన్నాడు.

నాలుగోదాని తర్వాత ఏముంటుందో మా ఇద్దరికీ తెలుసు. గూడు, ఆ తర్వాత మరిగే నీళ్లు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "నీ జ్వరాలు కాల! లెయ్. నువ్వు లెయ్యకపోతే ఊర్లోవాళ్లను పిలిచి మంచంతో సహా మోయిస్తా" అని అరిచాను. పెళ్లయినప్పటి నుంచీ ఆ కప్పు కింద నేను అంత గట్టిగా అరవలేదు. ఆయన బిత్తరపోయి నావైపు తిరిగాడు. చెంపలు లోపలికి పోయి ఉన్నాయి. చొక్కా నేనే తొడిగాను. చెయ్యి పట్టుకుని రోడ్డుదాకా నడిపించుకొచ్చి హిందూపురం బస్సెక్కించాను. బస్సులో కూడా ఆ చెయ్యి వదల్లేదు. ఎవరేమనుకుంటే నాకేం?

ఆస్పత్రిలో చీటీ రాసే అమ్మాయి ఏమైందని అడిగింది. నేను నోరు తెరిచేలోపల ఆయనే, "జ్వరం" అన్నాడు. ఆ అమ్మాయి నుదుటి దగ్గర మిషను పెట్టి చూసింది, మళ్లీ పెట్టి చూసింది.

"జ్వరమేమీ లేదే" అంది.

"లేదు తల్లీ" అన్నాను. "జ్వరమైతే ఈడికి పిలుచుకొచ్చేదాన్నే కాదు. జ్వరమైతే ఆయప్పే లేస్తాడు."